మూడో ఆయా కూడా వెళ్ళిపోతానంటోంది

ప్రశ్న: మా అత్తగారికి 76 ఏళ్ళు. అల్జీమర్స్ అని రెండేళ్ళ క్రితం తేలింది. మా ఇద్దరివీ ఉద్యోగాలు కావడంతో పగలంతా ఆయాయే చూసుకోవాలి. మాత్రల వేళలు కాగితం మీద రాసి గోడకు అంటించాం, జీతానికీ లోటు చేయడం లేదు. అయినా ఆర్నెల్లలో ఇద్దరు మానేశారు. ఇప్పుడున్న అమ్మాయిని గాజులు దొంగిలించావని అత్తగారు నిందిస్తున్నారు, స్నానానికి తీసుకెళితే గిల్లుతున్నారు. ఆమెను వృద్ధాశ్రమంలో చేర్చడమే మంచిదా?
– ఒక కోడలు, రాజమహేంద్రవరం

జవాబు: మాత్రల వేళలు రాసిచ్చారు, బాగానే ఉంది. కానీ ఈ జబ్బులో మనిషి ఎలా మారతారో ఆ ముగ్గురిలో ఒక్కరినైనా కూర్చోబెట్టి ఎవరైనా వివరించారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. దొంగ అనిపించుకున్న పరాయి పిల్ల అది జబ్బు మాట అని తనంతట తాను గ్రహించాలని ఆశించడం న్యాయం కాదు.

1906లో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ తొలిసారి వివరించిన రోగి కూడా వస్తువులను అటూ ఇటూ మోసి దాచేది, భర్తను అనుమానించేది. పెట్టిన చోటు గుర్తులేనప్పుడు ఎవరో తీశారనుకోవడమే ఆమెకు మిగిలిన దారి. అందువల్ల "నేను తీయలేదు మామ్మగారూ" అని వాదించే బదులు, "అయ్యో, కనబడటం లేదా? రండి, ఇద్దరం వెతుకుదాం" అనడం ఆ అమ్మాయికి నేర్పండి. అసలు గాజులు లాకరులో పెట్టి, చేతికి రోల్డుగోల్డువి వేయండి. అన్నిటికంటే ముందు, ఏ వస్తువు కనబడకపోయినా తనను అనుమానించబోమని మీరూ మీవారూ ఆ అమ్మాయికి నోరు విప్పి చెప్పాలి. జీతం పెంచడం కంటే ఈ మాటే ఆమెను నిలబెడుతుందని నా నమ్మకం.

స్నానం సంగతి ఆవిడ వైపు నుంచి చూడండి. జీవితమంతా తలుపు గడియ వేసుకుని స్నానం చేసిన స్త్రీకి, ఎవరో గుర్తుపట్టలేని ఒక అమ్మాయి వచ్చి చీర లాగుతున్నట్టు తోస్తే, గిల్లడం తనను తాను కాపాడుకోవడమే అవుతుంది. గోరువెచ్చని నీళ్ళు, పొడి చీర, జారని పీట ముందే సిద్ధం చేసి, భుజాల మీద తువ్వాలు కప్పి ఉంచి, ముందు పాదాల మీద నీళ్ళు పోసి, చెంబు ఆవిడ చేతికే ఇచ్చి, చేయబోయే ప్రతి పనినీ ఒక్కో చిన్న మాటలో చెబుతూ పోవాలి. వద్దంటే బలవంతం చేయకుండా అరగంట తర్వాత మళ్ళీ అడగాలి. అప్పటికీ ఒప్పుకోకపోతే ఆ రోజుకు తడిబట్టతో తుడిస్తే చాలు. రోజూ స్నానం తప్పకూడదన్న మన పట్టుదల కూడా ఇక్కడ కొంత సడలాలి.

గోడమీది కాగితం పక్కన మరొకటి అంటించండి. ఆవిడ పుట్టిన ఊరు, చిన్నప్పటి ముద్దుపేరు, కాఫీలో చక్కెర ఎంత, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఏం చేసిపెట్టేవారు, ఇలాంటివన్నీ అందులో రాయండి. సాయంత్రం కలవరపడినప్పుడు ఆయాకు మాట కలపడానికి అవే ఆధారం.

గిల్లడం ఈ కొద్ది రోజుల్లోనే మొదలైతే మాత్రం ముందు వైద్యుడికి చూపించి మూత్ర పరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి ఇలా బయటపడుతుంటాయి. కుదురుగా ఉంటారని నిద్రమాత్రలు మీ అంతట మీరు వేయకండి.

వృద్ధాశ్రమం తప్పు కాదు. అయితే ఈ జబ్బున్నవారిని చేర్చుకుంటారా, అక్కడి సిబ్బందికి ఇందులో శిక్షణ ఉందా, రాత్రి ఎంతమంది ఉంటారు అన్నవి అడగకుండా చేర్చకండి. పెద్దల కోసం 14567, మీ మనసు అలసినప్పుడు 14416 హెల్ప్‌లైన్లు ఉన్నాయి.

ఆ అమ్మాయి ఇంకా మానలేదు కదా. ఈ ఆదివారం అత్తగారి స్నానం మీరు చేయించండి, తను పక్కన నిలబడి చూస్తుంది. వచ్చే ఆదివారం తను చేయిస్తుంది, మీరు చూడండి. ఆ తర్వాత వారానికి ఒక పూట పూర్తి సెలవు ఇచ్చి, ఆ పూట బాధ్యత మీవారికి అప్పగించండి.