మణికట్టు దగ్గర ఆగు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

సానియా మీర్జా మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 43 డబుల్స్ టైటిళ్లు, నంబర్ వన్ ర్యాంకు, అన్నీ మొదటి పేరాలోనే కుప్పపోశావు. పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం, పొలం, ఫ్లాటు ఏకరువు పెట్టినట్టుంది. నాలుగో పేరాకొచ్చేసరికి సరుకు అయిపోయి, 'హైదరాబాదీ ఆణిముత్యం' లాంటి మాటలతో నెట్టుకొచ్చావు.

అసలు కథ ఆరో పేరాలో ఒక్క ముక్కగా పడి ఉంది. 'మణికట్టు గాయంతో సింగిల్స్‌కు దూరమైంది' అని రాసి దాటేశావు. ఆగాల్సింది అక్కడే. 2005లో సొంతూళ్లో, ఎల్బీ స్టేడియంలో డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచింది. మన దేశపు అమ్మాయిల్లో అదే మొదటిది. 2007లో 27వ ర్యాంకు. ఏడాది తిరిగేసరికి బీజింగ్ ఒలింపిక్స్‌లో మణికట్టు నొప్పితో మ్యాచ్ మధ్యలో తప్పుకుంది. ఆమె ఆటకి ప్రాణం ఫోర్‌హ్యాండ్, అంటే అరచేతి వైపు నుంచి కొట్టే దెబ్బ. ఆ ఫోర్‌హ్యాండ్‌కి ప్రాణం మణికట్టు. మరి తర్వాత ఏం చేసింది? పాఠకుడు అడిగేది అదే.

ఇక్కడ కోర్టు కొలతలు రాయి. సింగిల్స్ వెడల్పు 27 అడుగులు, మొత్తం ఒక్కరే కాచుకోవాలి. డబుల్స్‌కి 36, చెరిసగం వేసుకుంటే 18. డబుల్స్‌కి మళ్లాక పరుగు తగ్గింది, ఫోర్‌హ్యాండ్ మిగిలింది. సానియా వెనకనుంచి బాదుతుంటే నెట్ దగ్గర ఆమె డబుల్స్ జోడీ, స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్ కాచుకుని ఉండేది. ఎదుటివాళ్లకి ఊపిరాడేది కాదు. ఇద్దరూ కలిసి వరసగా 41 మ్యాచ్‌లు గెలిచారు.

2013లో ఆమె సింగిల్స్ వదిలేసినప్పుడు స్పోర్ట్స్ డెస్కులో కూర్చుని 'ఇక ముగిసినట్టే' అన్న ధోరణిలో నేనూ ఓ వ్యాఖ్య రాశాను. 2015 ఏప్రిల్‌లో ఆమె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ కటింగ్ ఇంకా బీరువాలోనే ఉంది. తీసి చూసే ధైర్యం లేదు.

ఆరు గ్రాండ్‌స్లామ్‌లూ వర్ణించక్కర్లేదు, ఒక్కటి చాలు. నేనైతే హింగిస్‌తో కలిసి ఆడిన 2015 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్ తీసుకుంటాను. మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. 5-5 దాకా లాక్కొచ్చేసరికి చీకటి పడింది. ఆట ఆపి, పైకప్పు మూసి, లైట్లు వేశారు. అప్పటికే చెయ్యి వేడెక్కిన మనిషి ఆ కాసేపూ ఖాళీగా కూర్చోవాలి. ఎంత టెన్షనో! తిరిగొచ్చి రెండు గేములూ గెలిచేశారు. ఆ విరామానికి ఓ పేరా ఇవ్వు.

ఆమె పెళ్లి, బట్టల గొడవలు మాత్రం తీసెయ్. మగ ఆటగాడి మీదైతే రాసేదానివా?

2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి టోర్నీ తొలి రౌండ్లోనే ఓడిపోయింది, రెండో సెట్ 0-6. ఆ అంకె నువ్వు దాచావు. దాచకు. మరుసటి నెల ఎల్బీ స్టేడియంలోనే వీడ్కోలు మ్యాచ్ ఆడింది. ఒకసారి వెళ్లి ఆ కోర్టు చూసిరా. కుదిరితే టేపు పట్టుకెళ్లి 27 అడుగులు కొలువు, ఆ చివర నుంచి ఈ చివరకి పదిసార్లు పరిగెత్తు. ఆయాసం తగ్గాక ఆరో పేరా మళ్లీ రాసి పంపు.

మీ మాస్టారు