ప్రేరణ అనే మాట వాడేముందు

చి. శ్రావణికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష హాయిగా సాగింది. ఒక్క 'ప్రేరణ' దగ్గరే ఆగిపోయాను. మూడు పేజీల్లో తొమ్మిదిసార్లు వచ్చింది, ఒక్కోచోట ఒక్కో అర్థంలో. ఇన్నేళ్లు అనువాదాలు దిద్దినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

ఆ మాటలో 'ప్ర' ఉపసర్గ, 'ఈర్' ధాతువు ఉన్నాయి. ముందుకు కదిలించడం అని అర్థం. అంటే కదిలించేది ఒకటి, కదిలేది ఇంకొకటి ఉండాలి. మన వ్యాకరణం చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది. 'మేస్త్రీ గోడ కట్టాడు' అంటే అది ఒక్కడి పని. 'ఇంటాయన మేస్త్రీతో గోడ కట్టించాడు' అన్నామనుకో, ఇంటాయన ఇటుక ముట్టుకోలేదు, అయినా పని మొదలైంది ఆయన మాటతోనే. కట్టించు, నడిపించు, చదివించు... వీటినే ప్రేరణార్థక క్రియలు అంటాం. సందేహం వచ్చినప్పుడల్లా నేను వేసుకునే ప్రశ్న ఇదే: ఎవరు, ఎవరితో, ఏం చేయించారు? జవాబు దొరక్కపోతే అక్కడ ఆ మాట తీసేస్తాను.

సైన్సులోనూ కదిలించేది, కదిలేది అనే ఈ ఇద్దరూ కనిపిస్తారు. 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ తీసుకో. తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోస్తే, దానికి కలిపిన గాల్వనోమీటర్ (కరెంటు ఉందో లేదో చూపే పరికరం) ముల్లు కదులుతుంది. అయస్కాంతం తీగను తాకనైనా తాకదు. లోపలే కదలకుండా పట్టుకుంటే ముల్లు సున్నాకి వచ్చేస్తుంది. బయటికి లాగితే రెండో వైపుకి కొట్టుకుంటుంది. అయస్కాంతాన్ని కదుపుతున్నంతసేపే తీగలో కరెంటు.

నువ్వు బాగా తడబడింది 'ఉత్ప్రేరకం' దగ్గర. ఒక సంఘటన ఉద్యమాన్ని మొదలుపెట్టిందని చెప్పడానికి దాన్ని వాడావు. పేపర్లలో అలాగే రాస్తున్నారు, నిజమే. కానీ ఆ మాట పుట్టిల్లు రసాయనశాస్త్రం. హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసాలో ఉండగానే నెమ్మదిగా నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతూ ఉంటుంది, మన కంటికి తెలియదంతే. అందులో చిటికెడు మాంగనీస్ డయాక్సైడ్, ఆ నల్లటి పొడి, వేశామంటే బుసబుసా నురగ పొంగుతుంది. అంతా అయ్యాక వడగట్టి, ఆరబెట్టి తూచితే పొడి వేసినంతా ఉంటుంది. జరుగుతున్నదాన్ని వేగంగా జరిగేలా చేసింది, తాను మాత్రం ఖర్చు కాలేదు. నీ ఉద్యమం అప్పటికే లోలోపల రగులుతూ ఉంటే ఉత్ప్రేరకం అని నిశ్చింతగా రాయి. ఆ సంఘటనతోనే పుట్టి ఉంటే 'నాంది' అను, చాలు.

స్ఫూర్తి, ప్రోత్సాహం కూడా కలిపేశావు. స్ఫూర్తి మన లోపల తళుక్కుమనేది. ప్రోత్సాహం అప్పటికే నడుస్తున్నవాడికి ఇచ్చేది.

ప్రేరణ అంటే ఎప్పుడూ మంచిదే అని కూడా అనుకోకు. ఆత్మహత్యకు ప్రేరేపించడం నేరం. పాత శిక్షాస్మృతిలో 306వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 108. మెచ్చుకోలు ఆ మాటలో లేదు, పక్కనున్న మాటల్ని బట్టి వస్తుంది.

చివరి పేరాలో 'మా మాస్టారే నా ప్రేరణ' అని రాసి వదిలేశావు. అది చదివి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆయన నీకోసం ఎంత చేశారో నాకు తెలుసు. ఆయన నీతో ఏం చదివించారు, ఏం రాయించారు, ఎన్నిసార్లు తిరగరాయించారు? ఆ పేరా ఒక్కటీ మళ్లీ రాసి పంపు.

మీ పెదనాన్న