బిల్లు లెక్క ఒకటి, సర్వర్ లెక్క ఇంకోటి

ప్రశ్న: అద్దెకు తీసుకున్న లైనక్స్ సర్వర్ ఒకటి నడుపుతున్నాం. ఈ నెల 1.32 టీబీ వాడామని హోస్టింగ్ ప్యానెల్ చూపిస్తోంది. సర్వర్‌లో నెట్ వాడకాన్ని లెక్కపెట్టే వీఎన్‌స్టాట్ 1.20 అంటోంది. నెట్‌వర్క్ వివరాలు చూపే ఐఎఫ్‌కాన్ఫిగ్ కమాండ్‌లో రానుపోనూ కలిపినా 400 జీబీ లేదు. కంపెనీ వాళ్లు 120 జీబీ ఎక్కువ వేస్తున్నట్టేనా? అప్‌టైమ్, అంటే చివరి రీబూట్ నుంచి ఇప్పటికి, 9 రోజులు. వీఎన్‌స్టాట్ గంటల పట్టికలో రోజూ రాత్రి 2 గంటల వరుసలో 38 కనిపిస్తోంది, మిగతా గంటల్లో ఒకటి కూడా దాటదు.

జవాబు: అప్పుడే గొడవకు దిగకండి. వీఎన్‌స్టాట్‌లో 1.20 పక్కన ఉన్నది టీబీ కాదు, మధ్యలో చిన్న ఐ ఉన్న టీఐబీ. అది 1024 లెక్క (ఎంబీ నుంచి జీబీకి, జీబీ నుంచి టీబీకి ఒక్కో మెట్టుకు 1024 రెట్లు), ప్యానెల్‌ది 1000 లెక్క. 1.20 టీఐబీని అటు మార్చి చూడండి, 1.319 టీబీ వస్తుంది. రెండూ ఒకటే, ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యలేదు. వీఎన్‌స్టాట్ సెట్టింగుల్లో యూనిట్‌మోడ్ అని ఉంటుంది, దాన్ని 2 చేస్తే అదీ 1000 లెక్కలోనే చూపిస్తుంది. 1 చెయ్యకండి, అప్పుడు పేరు మాత్రం జీబీ అవుతుంది, లోపల లెక్క 1024దే, ఇంకా గందరగోళం.

ఇక ఐఎఫ్‌కాన్ఫిగ్. అది చూపించేది కెర్నల్ (లైనక్స్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్) ఉంచుకునే కౌంటర్‌ని, సర్వర్ రీబూట్ అయితే ఆ కౌంటర్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీ 400 ఆ 9 రోజులది, నెలది కాదు. వీఎన్‌స్టాట్ కూడా చదివేది ఆ కౌంటర్లనే, నెట్‌లో వెళ్లే డేటా ముక్కల్ని, అంటే ప్యాకెట్లను, తెరిచి చూడదు, అందుకే సర్వర్ మీద బరువు పడదు. కాకపోతే ఎప్పటికప్పుడు తన డేటాబేస్‌లో రాసుకుంటుంది కాబట్టి రీబూట్ అయినా పాత లెక్క పోదు. ఇన్‌స్టాల్ చెయ్యకముందు సంగతి మాత్రం దానికి తెలియదు.

మీ బిల్లు నెల 1వ తేదీన మొదలు కాకపోతే వీఎన్‌స్టాట్ సెట్టింగుల్లో మంత్‌రొటేట్ దగ్గర ఆ తేదీ పెట్టుకోండి. బయటికి వెళ్లిన డేటాకే బిల్లు వేసే కంపెనీలూ ఉన్నాయి, అలాగైతే మొత్తం కాదు, టీఎక్స్ (పంపిన డేటా) కాలమ్ ఒక్కటే చూడాలి. డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటెయినర్లనే విడి డబ్బాల్లో నడిపేది) వాడుతుంటే వీఎన్‌స్టాట్ చూపే అన్ని ఇంటర్‌ఫేస్‌లూ (నెట్ కనెక్షన్లూ) కూడకండి, ఒకే డేటా కంటెయినర్ దగ్గర ఒకసారి, బ్రిడ్జి దగ్గర ఒకసారి, అసలు కార్డు దగ్గర ఇంకోసారి లెక్కకొస్తుంది.

నన్నడిగితే మీరు చూడాల్సింది 120 జీబీ కాదు, ఆ 2 గంటల వరుస. గంటలో 38 జీఐబీ అంటే గంటంతా సెకనుకు 90 మెగాబిట్లు తోసినట్టు, 30 రాత్రులకు 1140 జీఐబీ, అంటే మీ నెల వాడకం దాదాపు అంతా అదే! రోజూ అదే టైముకి వస్తోందంటే సైటుకొచ్చే జనం కాదు, క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకి పనులు నడిపే ఏర్పాటులో, పెట్టిన పని. బ్యాకప్ అయ్యుంటుందని నా అనుమానం, మారిన ఫైళ్లు మాత్రమే కాకుండా రోజూ మొత్తం పంపుతోందేమో ఆ పనుల పట్టిక క్రాన్‌ట్యాబ్ తెరిచి చూడండి. అక్కడ దొరక్కపోతే ఒక రాత్రి ఆ టైముకి రూట్‌గా (అన్ని హక్కులున్న యూజర్‌గా) నెట్‌హాగ్స్ నడపండి, ఏ ప్రోగ్రామ్ ఎంత పంపుతోందో చెబుతుంది. ఎవరికి వెళ్తోందో ఐఎఫ్‌టాప్ చెబుతుంది. రెండూ అప్పుడు జరుగుతున్నదే చూపిస్తాయి, పొద్దున్నే లేచి నిన్న రాత్రి సంగతి అడిగితే లాభం లేదు. ఇంకో మాట, ఐఎఫ్‌టాప్ బిట్లలో చూపిస్తుంది, నెట్‌హాగ్స్ బైట్లలో, పక్కపక్కన పెట్టుకుని కంగారుపడకండి.

ప్రశ్న: వెబ్ సర్వర్ లాగ్‌లో ఉన్న బైట్లన్నీ కూడితే వీఎన్‌స్టాట్ కన్నా బాగా తక్కువ వస్తోంది. ఎందుకు?

జవాబు: రావాలి కూడా. లాగ్‌లో సాధారణంగా పంపిన ఫైలు సైజే ఉంటుంది. ప్రతి ప్యాకెట్‌కీ తగిలించే టీసీపీ, ఐపీ హెడర్లు, ఎన్‌క్రిప్షన్ బరువు, దారిలో పోయి మళ్లీ పంపిన ప్యాకెట్లు అందులో ఉండవు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్), మెయిల్, అప్‌డేట్లు అసలే ఉండవు. ఏ పేజీ ఎక్కువ తింటోందో తెలుసుకోవడానికి లాగ్ చాలు, బిల్లుతో సరిచూడటానికి పనికిరాదు.

ప్రశ్న: పోర్ట్ 100 ఎంబీపీఎస్ అన్నారు, డౌన్‌లోడ్ మాత్రం 11 చిల్లర దగ్గర ఆగిపోతోంది.

జవాబు: 100 మెగాబిట్లను 8తో భాగించండి, 12.5 మెగాబైట్లు. హెడర్లకు పోగా 11 చిల్లరే మిగులుతుంది. మీ పోర్ట్ ఫుల్ స్పీడులోనే ఉంది.