మానేశాకే వెళ్తానంటున్నావట

శిరీషా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నువ్వు తాగుతున్నావని కాదు, అది దానికి ఎప్పుడో తెలుసు. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలుసుకునే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగుకి వెళ్తానని నీ అంతట నువ్వే చెప్పావట. ఇంత ధైర్యం మనింట్లో మగవాళ్ళలో కూడా చూడలేదే తల్లీ. నేను మురిసిపోతుండగానే ఇంకో మాట అంది: "ఈలోపు పూర్తిగా మానేసి, ఆదివారం శుభ్రంగా వెళ్తానంటోంది అక్కా" అని. ఆ మాటతో నాకు రాత్రంతా నిద్ర లేదు.

పనమ్మాయి వస్తోందని ముందే గిన్నెలు తోముకునే రకం నువ్వు, చిన్నప్పటి నుంచీ అంతే. అక్కడ చేరడానికి మానాలన్న కోరిక ఒక్కటి చాలు. మానేసి రమ్మని ఎవరూ అడగరు.

మీ పెదనాన్న కూడా నీలాగే అనుకున్నారు. నీకప్పటికి ఊహ తెలియదు. ఆఫీసులో ఒకాయన సికింద్రాబాద్‌లో మీటింగు ఉంది రమ్మన్నాడు. తాగిన మొహంతో నలుగురిలో ఎలా కూర్చుంటానని, శుక్రవారం రాత్రి సీసాలో మిగిలింది సింకులో పోసేశారు. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి! శనివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయారు, చేతులు అంతలా వణికాయి. ఒకటే చెమటలు. పౌరుషం కదా, "ఏం లేదు, జ్వరం" అన్నారు. సాయంత్రం ఫిట్స్ వచ్చి వంటింటి గుమ్మంలో పడిపోయారు. పక్కింటావిడ చేతిలో తాళాలు పెట్టమంది. మా అత్తగారు గాలి సోకిందని విభూతి పెట్టారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి రాత్రయింది. మర్నాడు మంచం మీద చీమలు పాకుతున్నాయని దుప్పటి దులుపుతూనే ఉన్నారు. నన్ను చూసి "ఎవరమ్మా మీరు?" అన్నారు.

అక్కడి డాక్టరమ్మ చెప్పింది. రోజూ తాగే ఒళ్ళు మందుకి అలవాటు పడిపోతుంది, ఒక్కసారిగా ఆపితే నరాలు అదుపు తప్పుతాయి. ఆపిన కొన్ని గంటలకే వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, ఆ తర్వాత మతి చెదరడం. ప్రాణం కూడా పోవచ్చు. అందరికీ ఇంత రాదట. నీకు రాదని నేనెలా నమ్మను?

కాబట్టి రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఎంత తాగుతున్నావో తగ్గించి చెప్పకు. కొన్నాళ్ళు మాత్రలిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి వెక్కిరించేవాళ్ళను పట్టించుకోకు. ముందు ఫోన్లో మాట్లాడాలంటే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ 14416 ఉంది, వ్యసనాలకు ప్రత్యేకంగా 14446 ఉంది. ఒకవేళ ఇప్పటికే ఆపేసి చేతులు వణుకుతుంటే ఈ ఉత్తరం పక్కన పడేసి వెంటనే 108కి ఫోన్ చెయ్.

ఇక మీటింగు సంగతి. ఏఏ వాళ్ళ వెబ్‌సైట్లో చూసి, ఫోన్ చేసి టైమూ చోటూ ఖాయం చేసుకో, మారుతుంటాయి. తెలుగా, హిందీయా, ఇంగ్లీషా అని కూడా అడుగు. ఓపెన్ మీటింగయితే ఇంట్లోవాళ్ళూ రావచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు మానాలనుకునేవాళ్ళకే. ఫీజు లేదు. మాట్లాడాలనిపించకపోతే వింటానని చెప్పి ఊరుకో. చర్చి ఆవరణలో జరుగుతుంటే మతం మారుస్తారేమోనని మా అత్తగారు వణికిపోయారు. ఆ భయం వద్దు, వాళ్ళకి ఏ మతంతోనూ సంబంధం లేదు. 1935లో అమెరికాలో దీన్ని మొదలుపెట్టిన ఇద్దరూ తాగుబోతులే, అందులో ఒకాయన డాక్టరు కూడా. ఈ సంగతి విన్నాకే మీ పెదనాన్నకి గురి కుదిరింది.

ఆడపిల్లవి కాబట్టి ఇంకొకటి. గదిలో ఎక్కువమంది మగవాళ్ళే ఉండొచ్చు. అందరూ కష్టపడి వచ్చినవాళ్ళే, కానీ అందరూ ఒకేలా ఉండరు. తోడుండి దారి చూపే పాత మెంబరుని స్పాన్సరంటారు, స్పాన్సరుగా ఆడమనిషినే పెట్టుకో, అక్కడి పద్ధతి కూడా అదే. ఎవరైనా అతి చొరవ చూపిస్తే నంబరు ఇవ్వకు, ఇంకో గ్రూపుకి పో. మొదటిది నచ్చలేదని మొత్తం మానేస్తే మాత్రం ఊరుకోను.

కొండాపూర్‌లో ఆఫీసువాళ్ళు కనబడతారని టెన్షనైతే మా వైపు రా. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే తార్నాకకు ఒకటే లైను. మీటింగు అయ్యాక ఆ ఖాళీ ఫ్లాటుకి ఒక్కదానివే వెళ్ళడం నాకిష్టం లేదు. అన్నం ఇక్కడే తిను. ఏం జరిగిందని అడగను. మీ పెదనాన్న ఇప్పటికీ వెళ్తారు, అక్కడ విన్నది నాక్కూడా చెప్పరు. నేను వెళ్ళేది ఇంట్లోవాళ్ళ కోసం పెట్టిన అల్-అనాన్‌కి. మీ అమ్మని అక్కడికి నేను తీసుకెళ్తాను, దాని సంగతి నాకొదిలెయ్.

డాక్టరు ఏమన్నారో రేపు రాత్రి ఫోన్ చేసి చెప్పు. మెసేజ్ పెట్టి తప్పించుకోకు.

మీ పెద్దమ్మ