గానుగ పెట్టుకున్న మేనకోడలికి

నల్లగొండ

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన లేబుల్ చూశాను. రంగులు బాగున్నాయి, పల్లీకాయ బొమ్మ ఇంకా బాగుంది. పేరే నచ్చలేదు. ‘పాలమూరు స్వచ్ఛమైన పల్లీ నూనె’ అన్నావు. అది పేరు కాదమ్మా, డబ్బాలో ఏముందో చెప్పడం. రేపు మీ వనపర్తిలోనే ఇంకొకరు గానుగ పెట్టి అవే మాటలు అచ్చు వేయించుకుంటే ఏమనగలవు? పాలమూరు నీ ఒక్కదానిదీ కాదు, స్వచ్ఛత అంతకన్నా కాదు. సరుకు రకాన్నో గుణాన్నో పుట్టిన చోటునో చెప్పే మాటలను ఒక్కరి సొత్తుగా రాసివ్వడానికి 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం మామూలుగా ఒప్పుకోదు.

పోచంపల్లి చీరకు ఊరి పేరే కదా అని అడుగుతావు, నీ సంగతి నాకు తెలుసు. పోచంపల్లికీ గద్వాలకూ ఉన్నది భౌగోళిక గుర్తింపు. దాని చట్టం వేరు, ఆ హక్కు అక్కడి నేతగాళ్లందరిదీ. నీకు కావలసింది నీ గానుగకు మాత్రమే చెందే పేరు.

నూనెతో ఏ సంబంధమూ లేని మాట ఎంచుకో. గోరింక అనుకుందాం. నూనెకూ గోరింకకూ చుట్టరికం లేదు, అందుకే అది గట్టి పేరు. మొదట్లో ఇదేం పేరని నవ్వుతారు, నవ్వనీ. అచ్చుకు ఇచ్చేముందు, ఆ పేరు ఇంకెవరిదైనా ఉందేమో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో వెతికి చూడు, డబ్బు కట్టనక్కర లేదు. అక్షరాలు వేరైనా పలకడంలో దగ్గరగా ఉన్నవీ వెతకాలి. 1962లో సుప్రీంకోర్టు ‘అమృతధార’, ‘లక్ష్మణధార’ అనే రెండు మందుల పేర్లను పోల్చింది. కొనేవాడు రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుని చూడడు, మసక జ్ఞాపకంతో అడుగుతాడు, కాబట్టి పొరబడతాడు అన్నది. అయినా లక్ష్మణధారకు ఉత్తరప్రదేశ్ వరకు రిజిస్ట్రేషన్ దక్కింది. ఎందుకంటే అమృతధార వాళ్లు ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్నారు.

ఊరుకోవడం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. నువ్వు పుట్టకముందు నేను కారం గిర్నీ నడిపాను. పసుపుపచ్చ కవరు మీద ఎర్ర కోడిపుంజు. పుంజు కారం ఇవ్వమని కిరాణా కొట్లలో అడిగేదాకా వచ్చింది. ఆ సంవత్సరమే ఒకరు అదే పసుపు కవరు మీద అదే పుంజును, మొహం మాత్రం అటు తిప్పి, మార్కెట్లోకి దించారు. రెండేళ్లు చూసీచూడనట్టు ఉన్నాను. ఆఖరికి వకీలు దగ్గరికి వెళితే, రిజిస్ట్రేషన్ లేకపోయినా ముందు నుంచి వాడుతున్నవారికి హక్కు ఉంటుందన్నాడు. ప్రాణం లేచి వచ్చింది. ‘ఎప్పటి నుంచి వాడుతున్నారో కాగితం చూపించండి’ అన్నాడు. నావన్నీ చిట్టీల మీద లెక్కలు, నెలాఖరుకు చించేసేవాణ్ని. ట్రంకు పెట్టెలో ఒక కవరు మిగిలింది. తీసి బల్ల మీద పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు. దాని మీద తేదీ లేదు.

అందుకే లేబుల్ అచ్చు వేసిన ప్రెస్సు బిల్లు, మొదటి డబ్బా అమ్మిన బిల్లు, పేరూ తేదీ కనిపించేవి ఏవైనా సరే, ఒక ఫైలులో పెట్టు. జీఎస్టీ నంబరు ఉంది, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు ఉంది అని ధీమా పడకు. అవి పన్నుకూ తిండి సరుకుకూ సంబంధించినవి, పేరుకు కాపలా కాయవు.

పేరు రిజిస్టర్ చేయించుకునే దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మన రాష్ట్రం రిజిస్ట్రీ చెన్నై కార్యాలయం కిందికి వస్తుంది, అక్కడిదాకా పోనక్కర లేదు. నీ పేరు మీద వేస్తే ఒక్కో తరగతికి రుసుము 4,500 రూపాయలు. సరుకులనూ సేవలనూ 45 తరగతులుగా విడదీశారు. వంటనూనె 29లోకి వస్తుంది. తలకు రాసుకునే కొబ్బరి నూనె 3, కారం పొడి 30. అన్నీ ఒకేసారి వేసి డబ్బు పారబోయకు. పరిశీలన దాటాక పేరును రిజిస్ట్రీ వాళ్ల జర్నల్‌లో వేస్తారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే 4 నెలల్లో చెప్పాలి. రిజిస్ట్రేషన్ 10 ఏళ్లు చెల్లుతుంది, మళ్లీ రుసుము కట్టి పొడిగించుకోవచ్చు. పేరు పక్కన చిన్నగా ‘టీఎం’ అని, అంటే ట్రేడ్‌మార్కు అని, ఇప్పటి నుంచే వేసుకో. వలయంలో ‘ఆర్’ మాత్రం రిజిస్టర్ అయ్యాకే. అంతకు ముందే వేయడం నేరం, అచ్చు వేసేవాడు అందంగా ఉంటుందని చెప్పినా వినకు.

ఇంకొకటి. లేబుల్ మీద ఎప్పుడూ ‘గోరింక పల్లీ నూనె’ అనే వేయించు, ఒట్టి ‘గోరింక’ అని వదిలేయకు. మన ఊళ్లలో చెరువు పూడిక తీసే యంత్రం ఏ కంపెనీదైనా హిటాచీయే. కాగితం నకలు ఏ మెషీన్‌లో తీసినా జిరాక్సే. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, కంపెనీకి అది గుబులు. అమెరికాలో ఎస్కలేటర్ అన్నది ఒకప్పుడు ఓటిస్ కంపెనీ సొంత పేరు. కదిలే మెట్లన్నిటికీ అదే పేరైపోయి 1950లో వాళ్ల చేయి జారింది. నీ నూనెకు అంత కష్టం రావాలనే నా కోరిక కూడా, అయినా జాగ్రత్త.

మీ అత్తయ్య గానుగ నూనెతో మామిడికాయ తొక్కు పెడతానంటోంది. అయిదు లీటర్లు బస్సులో వేయించు. మామయ్యేగా అనుకోకు. పేరు పెట్టాక పంపు, బిల్లు రాసి తేదీ వేసి పంపు. డబ్బులు ఫోనులో వేస్తాను.

ఇట్లు,
మామయ్య