డయాలసిస్‌లో ఉన్న నాన్నగారికి హెపటైటిస్-బి టీకా పనిచేయలేదంటున్నారు... మళ్లీ వేయించాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలం. మా నాన్నగారి వయసు 56. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. కిడ్నీలు పాడవడంతో ఎనిమిది నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. హెపటైటిస్-బి టీకా తప్పనిసరి అని సెంటర్‌లో చెబితే, మా ఊళ్లోనే తెలిసిన ఆర్‌ఎంపీ దగ్గర మూడు డోసులు నడుముకు వేయించాం. ఆఖరి డోసు వేసిన నెలన్నరకు రక్తపరీక్ష చేస్తే యాంటీబాడీలు 4 మాత్రమే ఉన్నాయని, కనీసం 10 ఉండాలని, టీకా పనిచేయలేదని అన్నారు. అదే సెంటర్‌కు హెపటైటిస్-బి పాజిటివ్ ఉన్నవారు ఇద్దరు వస్తారు. నాన్నగారేమో ఇక కొత్త సూదులు వద్దంటున్నారు. మాకు వేసిన టీకా నాసిరకమా? మళ్లీ వేయిస్తే ఉపయోగం ఉంటుందా? అన్నయ్య కిడ్నీ ఇస్తానంటున్నాడు. మార్పిడి అయ్యాక వేయించుకోవచ్చా? – ఓ పాఠకురాలు

సలహా: తప్పకుండా మళ్లీ వేయించండి, అది కూడా మార్పిడికి ముందే మొదలుపెట్టండి. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే మీ నాన్నగారికి టీకా వేసిన మోతాదు, వేసిన చోటు, రెండూ ఆయన స్థితికి తగినట్టుగా లేవనిపిస్తోంది. కాబట్టి ఆయన శరీరానికి టీకా పట్టదని ఇప్పుడే నిర్ణయానికి రావడం తొందరపాటు అవుతుంది.

ముందుగా ఆ 4 అనే అంకె సంగతి చూద్దాం. టీకా తీసుకున్నాక రక్తంలో తయారయ్యే రక్షణ యాంటీబాడీలను కొలిచే పరీక్షను యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ అంటారు. మిల్లీలీటరు రక్తద్రవంలో 10 మిల్లీ యూనిట్లు, అంతకు మించి ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్కిస్తాం. 4 అంటే అసలేమీ లేకపోవడం కాకపోయినా, భరోసా పెట్టుకోదగినంత లేదన్నమాట. ఈ పరీక్షను ఆఖరి డోసు తర్వాత ఒకటి రెండు నెలల్లో చేయాలి గనుక మీకు సరైన సమయంలోనే చేశారు. అయితే దీనితోపాటు మరో రెండు రిపోర్టులు ఉన్నాయేమో ఫైలులో వెతకండి. ఒకటి, కాలేయానికి సోకే ఈ హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో ఉందో లేదో చెప్పే హెచ్‌బీఎస్ఏజీ. రెండోది, ఎప్పుడైనా వచ్చి పోయిందేమో చెప్పే యాంటీ హెచ్‌బీసీ. ఇప్పటికే ఇన్ఫెక్షన్ ఉన్న వ్యక్తికి ఎన్ని డోసులు వేసినా టైటర్ పెరగదు. అందుకే రెండో విడత మొదలుపెట్టే ముందు ఈ రెండింటి ఫలితాలు మీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్యుడు) చేతిలో ఉండాలి.

ఇక టీకా నాణ్యత గురించి. ఈస్ట్ కణాల్లో ఈ వైరస్ పైపొర ప్రోటీన్‌ను తయారుచేసే పద్ధతిలో హెపటైటిస్-బి టీకా మన దేశంలో మొదటిసారి 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచే వచ్చింది. దానితో అప్పటిదాకా మామూలు కుటుంబాలకు అందనంత ధరలో ఉన్న టీకా అందుబాటులోకి వచ్చింది. ఆరోగ్యవంతులైన పెద్దలు మూడు డోసులు సక్రమంగా వేసుకుంటే నూటికి 90 మందికి పైగా రక్షణ స్థాయిని చేరుకుంటారు. అదే టీకా డయాలసిస్ రోగులకు వేసినప్పుడు స్పందన బాగా తగ్గుతుంది, కొన్ని అధ్యయనాల్లో దాదాపు సగం మందికి మాత్రమే వచ్చింది. కిడ్నీలు వడకట్టలేక రక్తంలో పేరుకున్న వ్యర్థాల వల్ల, కొత్త ప్రోటీన్‌ను గుర్తించి మిగతా కణాలకు చూపించే కణాలూ, యాంటీబాడీల తయారీకి పురమాయించే టి-కణాలూ మందగిస్తాయి. దానికి మధుమేహం, వయసు, ఒంట్లో అల్బుమిన్ తగ్గడం తోడైతే స్పందన మరింత పలచబడుతుంది. మీ నాన్నగారి విషయంలో వీటిలో కనీసం రెండు ఉన్నాయి.

ఈ సంగతి వైద్యులకు తెలిసింది కూడా రోగులపై చేసిన పరిశోధనల వల్లే. 1980లో న్యూయార్క్‌లో ఆరోగ్యవంతులైన వెయ్యికి పైగా వలంటీర్లపై జరిగిన పరీక్షలో ఈ టీకా ఇన్ఫెక్షన్లను 90 శాతానికి పైగా తగ్గించింది. 1981లో ఫ్రాన్స్‌లోని డయాలసిస్ కేంద్రాల్లో జరిపిన పరీక్షలో రోగులకూ మేలు కనిపించింది. కానీ 1984లో అమెరికాలో వెయ్యి మందికి పైగా డయాలసిస్ రోగులపై జరిపిన పెద్ద పరీక్ష ఫలితాలు ప్రచురించినప్పుడు, టీకా వేసుకున్నవారికీ ఉత్తుత్తి సూది వేసుకున్నవారికీ మధ్య ఇన్ఫెక్షన్ల సంఖ్యలో తేడా కనబడలేదు. టీకా తీసుకున్నవారిలో చాలామందికి తగినన్ని యాంటీబాడీలే రాలేదు. నేను వైద్య విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు ఈ మూడు ఫలితాలనూ పక్కపక్కనే పెట్టి చూపిస్తాను, ఎందుకంటే సూది వేయడం వేరు, రక్షణ రావడం వేరు అన్న విషయం అక్కడ తేటతెల్లంగా కనిపిస్తుంది. 1999లో అమెరికాలోనే జరిగిన మరో అధ్యయనంలో, టీకా వేసుకున్న డయాలసిస్ రోగులకు ఇన్ఫెక్షన్ ముప్పు వేసుకోనివారికన్నా 70 శాతం తక్కువగా ఉందని తేలింది. అందువల్ల డయాలసిస్ రోగులకు టీకా దండగ అని ఎవరైనా చెబితే వినకండి. రక్షణ వచ్చిందో లేదో కొలిచి చూసుకుంటూ వేయాల్సిన టీకా ఇది.

అలా రూపొందిన పద్ధతి ప్రకారం డయాలసిస్ రోగులకు సాధారణంగా ఇచ్చే మోతాదు పెద్దల మోతాదుకు రెండింతలు. అంటే 20 మైక్రోగ్రాములకు బదులు 40 మైక్రోగ్రాములు. డోసులు కూడా మూడు కాదు, నాలుగు: మొదటి రోజు, నెలకు, రెండు నెలలకు, ఆరు నెలలకు. కొన్ని కంపెనీల టీకాల లెక్క కాస్త వేరుగా ఉంటుంది కనుక సీసా చూసి నెఫ్రాలజిస్టే నిర్ణయిస్తారు. మీ నాన్నగారికి మూడే డోసులు పడ్డాయంటే, బహుశా మామూలు మనుషులకు వేసే లెక్కలోనే వేసి ఉంటారు. వాడిన సీసా అట్టపెట్టెగానీ బిల్లుగానీ ఉంటే మోతాదు ఎంతో చూడండి.

నడుముకు వేయించామని రాశారు. అక్కడ కొవ్వు మందంగా ఉండటంతో మందు కండరం దాకా చేరక యాంటీబాడీలు తక్కువగా వస్తాయని గమనించి, 1980ల నుంచే పెద్దలకు ఈ టీకాను భుజం కండరానికే వేయాలని చెబుతున్నారు. మీ నాన్నగారికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతికి కాకుండా రెండో చేతి భుజానికి వేయించండి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి, అది ఇచ్చిన కాసేపటికే కండరంలోకి సూది వేస్తే లోపల రక్తం చేరి వాపు రావచ్చు. ఏ రోజు, ఏ సమయంలో వేయాలో సెంటర్ డాక్టర్‌తో మాట్లాడుకోండి.

నిల్వ గురించి కూడా ఒక మాట. ఈ టీకాను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడికన్నా గడ్డకట్టడమే దీనికి పెద్ద శత్రువు. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లో పై గదికి ఆనించి పెట్టినా, సీసాను నేరుగా ఐసు ముక్కల మధ్య పెట్టి తెచ్చినా గడ్డకట్టిపోవచ్చు. ఒకసారి గడ్డకట్టి కరిగితే అందులోని అల్యూమినియం లవణం ముద్దలు కట్టి మందు బలం పోతుంది. మంచి సీసాను కుదిపితే ద్రవం అంతా పలచటి పాలలా ఒకే తెలుపులో కనిపిస్తుంది. పాడైనదాన్ని కుదిపి నిలబెడితే రేణువులు త్వరగా అడుగుకు దిగి, పైన నీళ్లలాంటి ద్రవం తేలుతుంది. మీకు వేసిన సీసా అలా అయిందని నేను అనడం లేదు, ఇప్పుడు తెలుసుకునే మార్గమూ లేదు. రెండో విడత మాత్రం డయాలసిస్ సెంటర్‌లోనో, టీకాలను పద్ధతిగా నిల్వచేసే ఆసుపత్రిలోనో వేయించండి.

అదే సెంటర్‌కు ‘బి’ పాజిటివ్ రోగులు వస్తున్నారన్న మీ భయం న్యాయమైనదే. ఈ వైరస్ ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు, కంటికి కనిపించనంత రక్తం చాలు. అమెరికా డయాలసిస్ కేంద్రాల్లో 1974లో ఒక్క ఏడాదిలోనే నూటికి ఆరుగురికి కొత్తగా ఇది సోకింది. 1980కల్లా అది నూటికి ఒకరికి తగ్గింది. అప్పటికి టీకా ఇంకా అందుబాటులోకి రాలేదు. పాజిటివ్ ఉన్నవారికి విడి గది, విడి మెషీను, విడి సిబ్బందిని కేటాయించడం, మిగతా రోగులకు క్రమం తప్పక పరీక్షలు చేయడం వల్లే ఆ తగ్గుదల సాధ్యమైంది. కాబట్టి సెంటర్ మార్చే ముందు అక్కడివారిని మర్యాదగానే అడగండి: ఆ ఇద్దరికీ మెషీను వేరుగా ఉందా, వారి సిట్టింగ్ చూసే టెక్నీషియనే అదే షిఫ్టులో మీ నాన్నగారినీ చూస్తున్నారా, ఒక సీసాలోని హెపారిన్‌ను పలువురికి వాడుతున్నారా, గ్లవ్స్ ప్రతి రోగికీ మారుస్తున్నారా? ఇవి అడిగే హక్కు మీకుంది. ఆ ఇద్దరు రోగుల పట్ల మాత్రం దూరం పాటించవద్దు. పక్కన కూర్చుంటేనో, మాట్లాడితేనో, కలిసి తింటేనో ఇది అంటదు. రక్షణ యాంటీబాడీలు లేనివారికి నెలకోసారి హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయాలన్నది ప్రామాణికమైన సలహా కాబట్టి, మీ నాన్నగారికి టైటర్ వచ్చేదాకా ఆ పరీక్ష మానొద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. టీకాలో ఉన్నది ఆ పరీక్ష వెతికే వైరస్ పైపొర ప్రోటీనే కనుక, డోసు వేసిన తర్వాత రెండు మూడు వారాల దాకా హెచ్‌బీఎస్ఏజీ పరీక్షలో అది కనిపించి పాజిటివ్ అని రావచ్చు. నా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయనకు రెండో డోసు వేసిన ఆరో రోజున వేరే చోట ఈ పరీక్ష చేశారు. ఆ కాగితం పట్టుకుని ఆయన భార్య మా ఓపీ బయట బల్ల మీద కూర్చుని ఏడుస్తుంటే నర్సమ్మ లోపలికి తీసుకొచ్చింది. టీకా కార్డు మీద తేదీ చూశాకగానీ విషయం అర్థం కాలేదు. నాలుగు వారాల తర్వాత చేసిన పరీక్షలో నెగటివ్ వచ్చింది. ఈలోపు ఆ కుటుంబం పడిన బాధ మీకు రాకూడదు. డోసు వేసిన ప్రతి తేదీనీ డయాలసిస్ ఫైలు మొదటి పేజీలోనే రాయించండి, నెలవారీ పరీక్షకు రక్తాన్ని డోసుకు ముందే ఇప్పించండి.

రెండో విడత పూర్తయ్యాక ఒకటి రెండు నెలలకు మళ్లీ టైటర్ చూడాలి. 10 దాటితే సంతోషమే, కానీ పని అయిపోయినట్టు కాదు. ఆరోగ్యవంతుల్లో టైటర్ తర్వాత తగ్గినా, కణాల్లో మిగిలిన జ్ఞాపకం వల్ల రక్షణ కొనసాగుతుంది. డయాలసిస్ రోగుల్లో ఆ జ్ఞాపకాన్ని నమ్ముకోలేం. అందుకే ఏడాదికోసారి టైటర్ కొలిచి, 10 కన్నా తగ్గితే ఒక బూస్టర్ డోసు ఇస్తాం. రెండు విడతలు పద్ధతిగా వేసినా రాకపోతే, అప్పుడు మాత్రమే స్పందన లేని వ్యక్తిగా పరిగణించి, నెలవారీ పరీక్షలు కొనసాగిస్తూ, ఎప్పుడైనా పాజిటివ్ రక్తం తగిలినట్టు తెలిస్తే వెంటనే ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ ఇస్తాం. రోగనిరోధక వ్యవస్థను మరింత గట్టిగా తట్టిలేపే పదార్థాలు కలిపిన కొత్తరకం టీకాలకు ఐరోపాలో 2005లో, అమెరికాలో 2017లో అనుమతులు వచ్చాయి. వాటిలో మొదటిది ప్రత్యేకంగా కిడ్నీ రోగుల కోసమే తయారైంది. కండరానికి బదులు చర్మం పొరల్లోకి కొద్దికొద్దిగా వేసే పద్ధతిపై కూడా అధ్యయనాలు జరిగాయి.

మీ నాన్నగారు సూదులు వద్దనడం నాకు అర్థమవుతుంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి రెండేసి లావుపాటి సూదులు గుచ్చించుకునే మనిషికి ఇంకో సూది అంటే విసుగు రాకుండా ఎలా ఉంటుంది? ఆయనకు బహుశా ఈ ఉదాహరణ చెబితే ఒప్పుకుంటారు. 2021లో ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో, అవయవ మార్పిడి జరిగిన 101 మందికి కోవిడ్ టీకా రెండు డోసులు వేస్తే 40 శాతం మందికే యాంటీబాడీలు వచ్చాయి. మూడో డోసు వేశాక అది 68 శాతానికి పెరిగింది. బలహీనంగా ఉన్న శరీరానికి అదే పాఠం మరోసారి చెప్పవలసి వస్తుంది, చెప్పినప్పుడు చాలామంది నేర్చుకుంటారు కూడా.

మార్పిడి గురించి అడిగారు. ఆపరేషన్ తర్వాత కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వాడే మందులు రోగనిరోధక శక్తిని మరింత అణచివేస్తాయి కాబట్టి టీకాకు స్పందన ఇప్పటికన్నా తగ్గిపోతుంది. మీ అన్నయ్య పరీక్షలకు, అనుమతులకు ఎలాగూ కొన్ని నెలలు పడుతుంది. ఆ సమయాన్ని ఈ నాలుగు డోసులకు వాడుకోండి. యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్ అని తేలితే మార్పిడి బృందానికి ముందే చెప్పాలి, ఎందుకంటే నిద్రాణంగా ఉన్న వైరస్ ఆ మందుల కింద మళ్లీ లేచే ప్రమాదం ఉంది. మీ అన్నయ్యకు, మీకు, అమ్మగారికి కూడా పరీక్ష చేయించి మామూలు మోతాదులో మూడు డోసులు వేయించండి. ఈ టీకా దేశమంతటా పసిపిల్లల కార్యక్రమంలోకి వచ్చింది 2011లో. ఆ లెక్కన మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికీ చిన్నప్పుడు పడి ఉండకపోవచ్చు.

వచ్చే సిట్టింగ్‌కు వెళ్లేటప్పుడు టైటర్ రిపోర్టు, టీకా బిల్లులు, పాత హెచ్‌బీఎస్ఏజీ రిపోర్టులు ఒకే కవరులో పెట్టుకుని వెళ్లండి. ఈలోగా ఎప్పుడైనా కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఆకలి పూర్తిగా చచ్చిపోవడం కనిపిస్తే ఆ సిట్టింగ్ దాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కు చూపించండి.