ముందు సోలారా, ఎలక్ట్రిక్ ఆటోలా?

ప్రశ్న: అనంతపురంలో కళ్యాణదుర్గం రోడ్డు వైపు మాకు వాటర్ ప్లాంట్ ఉంది. నేను, మా ఆయన కలిసి నడుపుతున్నాం. 20 లీటర్ల క్యాన్లు మూడు డీజిల్ ఆటోల్లో వేస్తాం. రెండు ఆటోలు పాతబడ్డాయి, ఒకటి కొన్నది రెండేళ్ల కిందటే. నెలకు 190 లీటర్ల డీజిల్, 2,500 యూనిట్ల కరెంటు అవుతోంది. మా దగ్గర నీళ్లు తీసుకునే ఒక పెద్ద కంపెనీ వాళ్లు కార్బన్ ఎంత తగ్గిస్తారో రాసివ్వమంటున్నారు. ఎఫ్‌డీలో 12 లక్షలు ఉన్నాయి. 20 కిలోవాట్ల సోలార్‌కు 10 లక్షలు, ఒక్కో ఎలక్ట్రిక్ ఆటోకు 3.9 లక్షలు చెప్పారు. కొత్త డీజిల్ ఆటో అయితే 3 లక్షలట. ఎఫ్‌డీ తీసేసి, మిగతాది లోన్ పెట్టి అంతా ఒకేసారి మార్చేద్దామని మా ఆయన అంటున్నారు. చేయొచ్చా?

జవాబు: రెండూ చేయొచ్చు. ఒకేసారి మాత్రం వద్దు. ఎఫ్‌డీ మొత్తం తీయడం అసలే వద్దు.

ముందు ఆ కంపెనీ అడిగిన లెక్కే చూద్దాం. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీ 190 లీటర్లకు నెలకు 510 కిలోలు. గ్రిడ్ కరెంటులో బొగ్గుదే పెద్ద వాటా కాబట్టి యూనిట్‌కు దాదాపు 0.72 కిలోలు పడుతుంది. అంటే 2,500 యూనిట్లకు 1,800 కిలోలు. పొగ కనిపించేది ఆటోల వెనకాల, కార్బన్ ఎక్కువ ఉన్నది మీ ఆర్వో మోటార్ల దగ్గర. డబ్బుల్లో చూస్తే ఈ తేడా తెలియదు. డీజిల్‌కు 18 వేల పైచిలుకు, కరెంటుకు 20 వేల పైచిలుకు, రెండూ ఇంచుమించు సమానమే. మీ ఆయన రెండూ కలిపి ఆలోచించడంలో తప్పేం లేదు.

కాబట్టి ముందు సోలార్. ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, అనంతపురం ఎండలకు ఆ మాత్రం గ్యారంటీగా వేసుకోవచ్చు. 20 కిలోవాట్లకు నెలకు 2,400 యూనిట్లు. మీరు పంపిన బిల్లులో యూనిట్ల కింద పడుతున్నది 7 రూపాయల లెక్కన. డిమాండ్ ఛార్జీలు, అంటే వాడిన యూనిట్లతో సంబంధం లేకుండా పడేవి, సోలార్ పెట్టినా తగ్గవు, కొటేషన్ ఇచ్చినవాళ్లు ఆ సంగతి చెప్పరు. వాటిని పక్కన పెడితే నెలకు 16,800 రూపాయలు మిగులుతాయి. మీ మోటార్లు పగలే తిరుగుతాయి, ఎండాకాలంలో క్యాన్ల గిరాకీ, కరెంటు ఉత్పత్తి రెండూ కలిసి పెరుగుతాయి. సోలార్‌కు ఇంతకంటే అనువైన వ్యాపారం తక్కువ.

10 లక్షలూ చేతి నుంచి పెట్టకండి. 2 లక్షలు మార్జిన్‌గా, అంటే మీ వాటాగా కట్టి, 8 లక్షలు లోన్ తీసుకోండి. 10 శాతం వడ్డీకి ఐదేళ్లయితే ఈఎంఐ 17 వేలు, మిగిలేదంతా దానికే సరిపోతుంది. ఏడేళ్లు పెట్టుకుంటే 13,300. నేనైతే ఏడేళ్లే తీసుకుని, ముందస్తుగా కడితే పెనాల్టీ ఉండదని శాంక్షన్ లెటర్‌లో రాయించుకుంటాను. చేతిలో డబ్బు ఆడినప్పుడు అసలుకు కట్టుకోవచ్చు.

78 వేల సబ్సిడీ వస్తుందని ఎవరైనా ఏజెంట్ చెబితే నమ్మకండి. పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇళ్లకే, ప్లాంట్లకు కాదు. మీకు లాభం ఉన్నది ఇన్‌కమ్ ట్యాక్స్‌లో. సోలార్ ప్లాంటుకైనా, ఎలక్ట్రిక్ వాహనానికైనా ఏడాదికి 40 శాతం తరుగుదల, అంటే వస్తువు విలువ తగ్గినందుకు ఖర్చు, చూపించుకోవచ్చు. పుస్తకాలు రాసి లాభం లెక్కకట్టే వాళ్లకే ఇది వర్తిస్తుంది. టర్నోవర్ మీద 6 లేదా 8 శాతం లాభం చూపించి రిటర్న్ వేస్తుంటే తరుగుదల అందులోనే కలిసిపోయినట్టు, విడిగా రాదు. మీరు ఏ పద్ధతిలో వేస్తున్నారో మీ ఆడిటర్‌ను అడగండి. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే మొదటి ఏడాది సగమే ఇస్తారు. దసరా దాటాక బిగించడం కంటే వీలైతే సెప్టెంబర్‌లోపే మేలు. జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం కట్టే పద్ధతి) ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ, వెనక్కి రాదు, అదీ కొటేషన్ ధరలో కలుపుకుని చూడండి.

ఇక ఆటోలు. ఒక్కో ఆటోకు నెలకు 63 లీటర్లు, అంటే 6,100 రూపాయలు. అదే దూరానికి ఎలక్ట్రిక్ ఆటో 150 యూనిట్లు తీసుకుంటుందనుకుంటే వెయ్యి పైచిలుకే. నెలకు 5 వేలు మిగిలాయి. బాగా తిరుగుతున్న బండిని పక్కన పడేసి 3.9 లక్షలు పెడితే ఆ డబ్బు తిరిగి రావడానికి ఆరున్నరేళ్లు. ఎలాగూ మార్చాల్సిన బండి బదులు కొంటే డీజిల్ ఆటోకూ దీనికీ తేడా 90 వేలే, అది ఏడాదిన్నరలో వచ్చేస్తుంది. అందుకే పాతవాటిలో ముందు ఒకటే మార్చండి. రెండోది వచ్చే ఏడాది. రెండేళ్ల బండిని ఇప్పుడు అమ్మితే దాన్ని ఊర్లో ఇంకొకరు నడుపుతారు. మీ కాగితం మీద కార్బన్ తగ్గుతుంది, ఊర్లో తగ్గదు.

కొనేముందు బరువు సంగతి తేల్చుకోండి. 25 క్యాన్లంటేనే అర టన్ను. మీ వాళ్లు ఇప్పుడు ఆటోలో 35 దాకా ఎక్కిస్తుంటే ఎలక్ట్రిక్ బండికి అలా కుదరదు, రేంజ్ పడిపోతుంది, వారంటీ కూడా ప్రశ్నే. రెండు ట్రిప్పుల్లో వేస్తామంటేనే కొనండి. వారంటీలో ఏళ్లతో పాటు కిలోమీటర్ల పరిమితి కూడా చదవండి. ఛార్జింగ్ మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు నీడలో పెట్టించండి. రాత్రి గ్రిడ్ మీద పెడితే డీజిల్ మానేసి తగ్గించిన కార్బన్‌లో సగానికి పైగా బొగ్గు రూపంలో తిరిగొస్తుంది.

ప్యానెళ్ల గురించి రెండు మాటలు. నెట్ మీటరింగ్‌కు (మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్‌కు ఇచ్చి బిల్లులో తగ్గించుకునే పద్ధతి) మీ కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్‌లో దరఖాస్తు చేసేముందు బిల్లులో శాంక్షన్డ్ లోడ్, అంటే మీకు మంజూరైన కిలోవాట్లు, చూసుకోండి, 20 కిలోవాట్ల కంటే తక్కువ ఉంటే ముందు అది పెంచుకోవాలి. బ్యాటరీ లేని సోలార్ కరెంటు పోతే ఆగిపోతుంది, జనరేటర్ అమ్మేయకండి. దుమ్ము కడగడానికి ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లు వాడాలనిపిస్తుంది, ఉచితం కదా. వద్దు. ఆ నీళ్లలోని ఉప్పంతా గాజు మీద తెల్లటి పొరలా గట్టిపడుతుంది. మీరు అమ్మే నీళ్లతోనే, తెల్లవారుజామున ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడిగించండి.

మొత్తానికి 12 లక్షల్లో సోలార్ మార్జిన్ 2 లక్షలు, ఒక ఆటో 3.9 లక్షలు. మిగిలిన 6 లక్షలు ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి. ఆర్వోలో నీళ్లు వడగట్టే మెంబ్రేన్లు మార్చాల్సి వచ్చినా, బోరు ఎండినా ఆ డబ్బే దిక్కు.

ఆ కంపెనీకి ఏం రాసివ్వాలంటారా? షేర్ మార్కెట్‌లో పెద్ద కంపెనీలు పర్యావరణ నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ఉంది కాబట్టి వాళ్లు సరఫరాదారులనూ అడుగుతున్నారు. సర్టిఫికెట్లు అమ్మేవాళ్ల దగ్గరకు వెళ్లకండి. గత ఏడాది కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు ఒక ఫైల్‌లో పెట్టి, నెలకు 2,310 కిలోలు ఉందని, అందులో సోలార్‌తో 1,700 కిలోల దాకా తగ్గిస్తామని రాయండి. ఆటోల సంగతి బండి వచ్చాక రాయొచ్చు.